సీసీ అంటే ఏ సీసీ?

జిల్లా పేజీ ఉన్న ఏ తెలుగు పేపరైనా తిరగేయండి. పైన ఎమ్మెల్యే సీసీ రోడ్డుకు శంకుస్థాపన చేసి ఉంటాడు, పక్కనే దొంగతనం వార్తలో పోలీసులు సీసీ ఫుటేజీ పరిశీలిస్తుంటారు, కింద మూలన ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఐకేపీ సీసీ రైతులకు ఏదో చెబుతుంటాడు. మూడు వార్తల్లో మూడు వేరువేరు సీసీలు, అయినా చదివేవాళ్లెవరూ తడబడరు. రోడ్డు అన్నప్పుడు సిమెంట్ కాంక్రీట్ అనీ, ఫుటేజీ అన్నప్పుడు క్లోజ్డ్ సర్క్యూట్ అనీ, ఐకేపీ అన్నప్పుడు కమ్యూనిటీ కోఆర్డినేటర్ అనే ఉద్యోగి అనీ బుర్ర తనంతట తనే సర్దుకుంటుంది. చాలామందికి ఈ పూర్తి పేర్లు తెలియను కూడా తెలియవు, తెలియకపోయినా పని ఆగదు.

కాబట్టి ఒక పొట్టి మాటకు పదీ పన్నెండు అర్థాలుండటం దానంతట అదే సమస్య కాదు. ఆ అర్థాలు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. రెండు సీసీలు ఒకే కాగితం మీదకో, ఒకే ఆఫీసులోకో, ఒకే మనిషి చేతిలోకో వచ్చినప్పుడే అసలు ప్రమాదం, ఎందుకంటే అక్కడ పక్కనున్న మాట సాయం చేయదు, రెండర్థాలూ అతికినట్టే కనిపిస్తాయి. ఈ తేడా గమనిస్తూ ఒక్కో రంగాన్నీ చూస్తే, ఎక్కడ నిశ్చింతగా ఉండొచ్చో, ఎక్కడ ఆగి "పూర్తి పేరు చెప్పండి" అని అడగాలో తెలుస్తుంది.

రోడ్డుతో మొదలుపెడదాం. ఊళ్లల్లో రోడ్లు రెండే రకాలు, సీసీ, బీటీ. బీటీ అంటే బ్లాక్ టాప్, అంటే తారు రోడ్డు. (అదే ఊరి పొలంలో బీటీ అంటే పత్తి. మన దేశంలో 2002లో అనుమతి పొందిన ఆ పత్తికి బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బాక్టీరియా పేరు మీద ఆ రెండక్షరాలు వచ్చాయి. బీటీ పత్తి లోడు బీటీ రోడ్డు మీద వెళ్తుంటే కూడా ఎవరికీ అయోమయం రాదు.) సీసీ రోడ్డు విషయంలో మాత్రం ఒక అపోహ తరచూ వినిపిస్తుంది, "ఊచలు వేయకుండానే రోడ్డు పోసేశారు, కాంట్రాక్టరు మింగేశాడు" అని. ఊచలు వేసేది ఆర్‌సీసీ, అంటే రీఇన్‌ఫోర్స్‌డ్ సిమెంట్ కాంక్రీట్, స్లాబులకీ స్తంభాలకీ వాడేది. ఊళ్లో వీధికి పోసే సీసీ రోడ్డు సాధారణంగా ఊచలు లేనిదే. కాంక్రీట్ కుదించుకున్నప్పుడు ఎక్కడ పడితే అక్కడ పగలకుండా మధ్యమధ్యలో జాయింట్లు కోస్తారు, అవసరమైతే ఆ జాయింట్ల దగ్గర మాత్రమే కడ్డీలు పెడతారు. నిజంగా నిలదీయాల్సింది మందం గురించి, సిమెంటు పాలు గురించి, క్యూరింగ్ గురించి. కాంక్రీట్ పూర్తి బలాన్ని 28 రోజుల లెక్కన కొలుస్తారు, ఆలోపు నీళ్లు పట్టకుండా ట్రాక్టర్లు తిప్పేస్తే ఏ గ్రేడు వేసినా రోడ్డు లేచిపోతుంది. అంటే ఇక్కడ ఒక్క అక్షరం తేడా వల్ల జనం అడగాల్సిన ప్రశ్న వదిలేసి, అడగక్కర్లేనిది అడుగుతున్నారు.

పునాదిలో వేసే ఊచల్లేని కాంక్రీటును పీసీసీ అంటారు, ప్లెయిన్ సిమెంట్ కాంక్రీట్. రాజకీయ వార్తల్లో పీసీసీ ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ, గల్ఫ్ వెళ్లేవాళ్ల భాషలో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. ఈ మూడూ ఎప్పుడూ ఎదురుపడవు కాబట్టి వాటిని అక్కడే వదిలేయవచ్చు.

కెమెరాల సీసీలో "క్లోజ్డ్ సర్క్యూట్" అన్న మాటకు ఒకప్పుడు ఖచ్చితమైన అర్థం ఉండేది. టీవీ స్టేషన్ సిగ్నల్‌ని గాలిలోకి వదిలితే ఎవరి సెట్‌లోనైనా పట్టుకోవచ్చు. ఇది అలా కాదు, ఆ తీగ చివర ఉన్న తెరకే బొమ్మ వెళ్తుంది. 1942లో జర్మనీలోని పేనెముండేలో వీ-2 రాకెట్ ప్రయోగాలను దూరంగా కూర్చుని చూడటానికి ఇలాంటి ఏర్పాటు చేసుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ప్రజాభద్రత చట్టం తెచ్చింది. ఒకేసారి 100 మంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేసి, 30 రోజుల రికార్డింగు దాచిపెట్టాలంది. పోలీస్ స్టేషన్లలోనూ కెమెరాలు ఉండాలని, రికార్డింగులు 18 నెలలు, సాధ్యం కాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఇళ్లకు పెట్టించుకుంటున్న వైఫై కెమెరాలను కూడా సీసీ కెమెరాలనే అంటున్నాం, కానీ వాటిలో క్లోజ్డ్ అన్నది ఏమీ లేదు. బొమ్మ ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి మన ఫోన్‌కు వస్తుంది, కెమెరాతో పాటు వచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోతే ఇంకెవరి ఫోన్‌కైనా వెళ్లొచ్చు. ఆ పాత పేరు ఇచ్చే భరోసాను నమ్మి పడకగది వైపు కెమెరా తిప్పకండి.

ఇక బండి సీసీ, ఆసుపత్రి సీసీ. ఈ రెండూ నిజానికి ఒకటే, క్యూబిక్ సెంటీమీటర్, అంటే అన్ని వైపులా ఒక్కో సెంటీమీటరు ఉన్న డబ్బాలో పట్టే పరిమాణం. ఇంజన్‌లో పిస్టన్ కింది నుంచి పైకి కదిలేటప్పుడు ఊడ్చే జాగా ఎంతో అదే ఆ బండి సీసీ. ఉదాహరణకు స్ప్లెండర్‌లో సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు, లెక్క కడితే 97.2 సీసీ వస్తుంది. కంపెనీ రాసేదీ అంతే. వంద సీసీ బండి అనేది నోటిలెక్క, కాగితాల మీద దశాంశాలతో సహా ఉంటుంది, ఆ దశాంశాలకు డబ్బు విలువ కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న మోటార్‌సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అది దాటితే 40 శాతం. త్రీఫిఫ్టీ అని పిలిచే బుల్లెట్ ఇంజన్ అసలు లెక్కలో 349 సీసీ, కాబట్టి తక్కువ పన్ను పరిధిలో పడింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా 75, 150, 350 సీసీల దగ్గర మెట్లు పెట్టుకుని ఉంటుంది. పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా అని పిల్లలకు స్కూటీ ఇచ్చే తల్లిదండ్రులు చూడాల్సిందీ ఈ సీసీనే. చట్టం పదహారేళ్లవాళ్లకు ఇచ్చిన సడలింపు 50 సీసీ దాటని బండికే, ఇప్పుడు రోడ్డు మీద కనిపించే పెట్రోలు స్కూటర్లు దాదాపుగా అన్నీ 100 సీసీ పైనే. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునే పాయింట్ అదే.

సిరంజిలో ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరు. ఇక్కడే విషయం చాలా గంభీరమవుతుంది, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇన్సులిన్‌ను మిల్లీలీటర్లలో కాదు, యూనిట్లలో ఇస్తారు. మన దగ్గర వయల్స్‌లో, అంటే చిన్న సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. యూనిట్‌కు గుర్తుగా డాక్టర్లు ఇంగ్లిష్ యూ అక్షరం రాస్తుంటారు. గొలుసుకట్టుగా తొందరలో రాసిన యూ, పక్కపక్కనే రాసిన రెండు సీలు ఒకేలా కనిపిస్తాయి. 4 యూనిట్లు అని రాసింది 4 సీసీ అని చదివితే ఏమవుతుందో లెక్కేయండి. 4 యూనిట్లంటే 0.1 మిల్లీలీటరు. 4 సీసీ అంటే 160 యూనిట్లు, నలభై రెట్లు. ఆ మోతాదుకు షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి కోమాలోకి వెళ్లొచ్చు, ప్రాణం పోవచ్చు. మందుల పొరపాట్ల మీద పనిచేసే అమెరికా సంస్థ ఐఎస్‌ఎంపీ, వాడకూడని పొట్టి రాతల జాబితాలో సీసీనీ, యూనిట్‌కు రాసే యూనీ రెండింటినీ పెట్టింది. మిల్లీలీటర్ అని రాయండి, యూనిట్లు అని పూర్తిగా రాయండి అంటుంది. బండి సీసీకీ సిరంజి సీసీకీ అర్థం ఒకటే అయినా ప్రమాదం లేదు, ఎందుకంటే అవి ఒకే చీటీ మీదకు రావు. సీసీకీ యూకీ అర్థంలో ఏ సంబంధమూ లేకపోయినా, ఒకే చీటీ మీద ఒకే చోట ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఇంకొకటిగా చదివేస్తారు. ఇంట్లో ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్లుంటే చీటీ మీద "యూనిట్లు" అని పూర్తిగా రాయించుకోవడానికి మొహమాటపడొద్దు. ఆ 40 రకం సీసాకు 40 సిరంజే వాడుతున్నారో లేదో కూడా చూడండి, 100 రకం సిరంజితో తీస్తే గీతలు సరిగ్గా కనిపిస్తూనే మోతాదు తప్పుతుంది.

డబ్బు దగ్గరకొస్తే సీసీలు రెండు, వాటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. వ్యాపారుల సీసీ క్యాష్ క్రెడిట్. రైస్‌మిల్లు యజమానికి సీజన్‌లో ధాన్యం కొనడానికి ఒక్కసారిగా డబ్బు కావాలి, బియ్యం అమ్ముడయ్యాక తిరిగొస్తుంది. బ్యాంకు అతని సరుకును హామీగా పెట్టుకుని ఒక లిమిట్ ఇస్తుంది, అందులో వాడుకున్నంతకే, వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. బదులుగా గోదాములో ఎంత స్టాకుందో ఎప్పటికప్పుడు స్టేట్‌మెంట్ ఇవ్వాలి, స్టాకు తగ్గితే తీసుకోగలిగే మొత్తమూ తగ్గుతుంది, ఖాతా వరసగా 90 రోజులకు మించి పరిమితి దాటి ఉంటే మొండిబాకీ కింద చేరుస్తారు. కుర్రకారు ఫోన్లలో మాట్లాడుకునే సీసీ క్రెడిట్ కార్డు. గడువులోపు మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదు, మినిమమ్ మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకు 3 శాతానికి పైనే పడుతుంది, ఏడాదికి చూస్తే 36 నుంచి 45 శాతం. షాపు నడిపే నాన్నకు సీసీ అంటే ఏటా రెన్యువల్ చేసుకునే మామూలు విషయం, కొడుకు "సీసీ కొంచెం బాకీ ఉంది నాన్నా" అంటే "దానిదేముంది, తిప్పుకుంటూ ఉండు" అనేసే అవకాశం ఉంది. క్యాష్ క్రెడిట్‌ను తిప్పుకోవచ్చు, దాని పనే అది. క్రెడిట్ కార్డు బాకీని తిప్పితే అది మనల్ని తిప్పుతుంది.

డ్వాక్రా సంఘాల్లో ఇంకో చిక్కు. సంఘానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ రుణమూ సీసీనే, సంఘాలను చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటరూ సీసీనే. "మన సంఘానికి సీసీ వచ్చింది" అంటే అప్పు మంజూరైందా, మేడమ్ వచ్చి కూర్చున్నారా? ఆడవాళ్లు దీన్ని తేలిగ్గానే పరిష్కరించుకున్నారు, మనిషిని సీసీ గారు అంటారు, అప్పును సీసీ లోను అంటారు. అదే జిల్లా కేంద్రంలో కలెక్టర్ సీసీ అంటే క్యాంప్ క్లర్క్, అపాయింట్‌మెంట్ కోసం వెళ్లేవాళ్లకు ఆయనే దిక్కు.

ఇల్లు కొనేవాళ్లకు వచ్చే సీసీ మరీ విచిత్రమైనది, రెండు అర్థాలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ముంబైలో బిల్డర్ "సీసీ వచ్చేసింది" అంటే కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్, అంటే కట్టడం మొదలుపెట్టడానికి అనుమతి. ఇంకొన్ని చోట్ల అదే మాటకు కంప్లీషన్ సర్టిఫికెట్ అని అర్థం, అంటే కట్టడం పూర్తయింది. 2016 నాటి రెరా చట్టం ఈ రెండింటినీ విడివిడిగా నిర్వచించింది, కానీ బ్రోచర్లలో, ఫోన్ సంభాషణల్లో రెండూ సీసీగానే మిగిలాయి. హైదరాబాద్‌లో ఎక్కువగా ఓసీ గురించే, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ గురించే మాట్లాడతారు కాబట్టి ఈ గందరగోళం తక్కువ. ఉద్యోగానికి ముంబై వెళ్లి అక్కడ ఫ్లాట్ చూసుకునే మనవాళ్లకు మాత్రం ఇది చాలా ముఖ్యం. సీసీ ఉందన్న మాట విని, ఇల్లు తయారైంది కదా అని అడ్వాన్స్ కట్టేస్తే, అక్కడ ఇంకా పునాది కూడా తీయకపోయి ఉండొచ్చు.

మెయిల్‌లో సీసీ కార్బన్ కాపీ. 1806లో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఇంగ్లిష్ వ్యక్తి పేటెంట్ తీసుకున్న కార్బన్ కాగితం నుంచి వచ్చి, 1977 నాటి ఈమెయిల్ ప్రమాణాల్లో స్థిరపడింది. యూట్యూబ్‌లో కనిపించే సీసీ గుర్తు క్లోజ్డ్ క్యాప్షన్స్‌ది. అక్కడ క్లోజ్డ్ అంటే మనం తెరిచేవరకు కనబడనిది అని, కెమెరా క్లోజ్డ్‌కూ దానికీ పోలిక లేదు. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం పుట్టింది కాబట్టి మాటలే కాకుండా తలుపు చప్పుడు, ఫోన్ మోగడం కూడా అందులో రాస్తారు. తెలుగు ఓటీటీల్లో చాలాసార్లు సీసీ నొక్కితే వచ్చేది ఇంగ్లిష్ అనువాదమే, తెలుగులో మాటలూ చప్పుళ్లూ రాసిన క్యాప్షన్లు అరుదు. తెలుగు మాత్రమే చదవగలిగే, చెవులు వినబడని ప్రేక్షకులకు ఆ బొత్తాం ఉన్నా లేనట్టే, ఇది నిర్మాతలు పట్టించుకోవాల్సిన సంగతి. తెలుగు వికీపీడియా వ్యాసాల అడుగున కనిపించే సీసీ క్రియేటివ్ కామన్స్. రాసినవాళ్ల పేరు చెప్పి, మీరు మార్చి తయారుచేసినదాన్ని కూడా అవే షరతులతో ఇస్తే ఆ రాతను ఎవరైనా వాడుకోవచ్చని అర్థం.

అన్నింటికంటే సీసీలు కిక్కిరిసి ఉన్నది కోర్టుల్లో. పోలీసులు కేసు కట్టినప్పుడు దానికి క్రైమ్ నంబరు ఉంటుంది. దర్యాప్తు చేసి చార్జిషీటు వేసి, మేజిస్ట్రేట్ దాన్ని విచారణకు స్వీకరించాక వచ్చేది సీసీ నంబరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దీని పూర్తి పేరు క్యాలెండర్ కేసు. పాత మద్రాసు పద్ధతి నుంచి వచ్చింది, తమిళనాడులోనూ అదే పేరు. నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు తేదీ, అరెస్టు తేదీ ఇలా వరసగా పట్టిక వేసి తీర్పుకు ముందు పెడతారు, ఆ పట్టికనే క్యాలెండర్ అంటారు. బెంగళూరు కోర్టులో అదే సీసీ క్రిమినల్ కేసు. హైకోర్టుకు వెళ్తే సీసీ కంటెంప్ట్ కేసు, కోర్టు ధిక్కారం. "కమిషనర్ మీద సీసీ వేశాం" అని హైకోర్టు లాయరు అంటే, ఆయన ఉత్తర్వు అమలు చేయలేదని ఫిర్యాదు చేశామని. ధిక్కారం జరిగిన ఏడాదిలోపు కోర్టు చర్య మొదలుపెట్టాలని 1971 చట్టం చెబుతుంది. వినియోగదారుల కమిషన్‌లో సీసీ కన్స్యూమర్ కంప్లైంట్, ఫ్రిజ్ పాడైతే రెండేళ్లలోపు వేసుకునేది.

చివరికి సీసీ అంటే సర్టిఫైడ్ కాపీ కూడా. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్లు "ఈసీ, సీసీ తీయించండి" అంటే, ఈసీ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా, సీసీ ఈ నకలు. పాత దస్తావేజు పోతే ఆఫీసు రికార్డు నుంచి ధ్రువీకరించి ఇచ్చే నకలు. కోర్టులో తీర్పు నకలు కూడా సీసీనే, ఓడిపోయినవాళ్లకు దీని విలువ చాలా ఎక్కువ. అప్పీలుకు గడువు ఉంటుంది, ఆ నకలు తయారవడానికి కోర్టు తీసుకున్న రోజులను గడువులోంచి తీసేయాలని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. అంటే నకలుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టారన్నదే అప్పీలు నిలుస్తుందా లేదా తేల్చొచ్చు. ఇప్పుడు ఒక మామూలు కక్షిదారు పరిస్థితి ఆలోచించండి. గుమస్తా ఫోన్ చేసి "మీ సీసీకి డబ్బు కట్టాలి, రేపు రండి" అంటాడు. అతని మీద నడుస్తున్న కేసూ సీసీనే, తీసుకోవాల్సిన నకలూ సీసీనే. కట్టేది జరిమానానా, నకలు ఫీజా? టెన్షన్‌తో రాత్రంతా నిద్రపట్టదు, కొందరు భయంతో అసలు వెళ్లరు, వెళ్లకపోతే గడువులో రోజులు కరిగిపోతాయి. ఇది భాషా సమస్యలా కనిపిస్తుంది గానీ నష్టపోయేది చదువు తక్కువ ఉన్నవాళ్లు, లాయరును మళ్లీ అడగడానికి భయపడేవాళ్లు. నోటీసులోనో ఫోన్‌లోనో "తీర్పు నకలు" అనే రెండు మాటలు వాడటానికి ఎవరికీ పెద్ద శ్రమ కాదు.

కేసు వివరాలు చూసుకోవడానికి మాత్రం ఒక మంచి దారి వచ్చింది. సీసీ నంబరు, సంవత్సరం చెబితే చాలదు, ఏ కోర్టు సీసీయో, ఏ రకం సీసీయో చెప్పాలి, ఒకే నంబరు ఒకే ఏడాది ప్రతి కోర్టులోనూ ఉంటుంది. ఈ-కోర్టుల వ్యవస్థలో ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఇస్తున్నారు. మొదటి రెండక్షరాలు రాష్ట్రానివి, చివరి నాలుగంకెలు సంవత్సరం. దేశంలో ఇంకే కేసుకూ అదే నంబరు ఉండదు. లాయరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆ నంబరు రాయించుకుని ఫోన్‌లో దాచుకోండి, యాప్‌లో కొడితే వాయిదా తేదీ, కేసు రకం పూర్తి పేరుతో సహా కనిపిస్తాయి.